ఆటిజం ఉన్న పిల్లలకు ఇంట్లో చదువు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

పుస్తకం తీయగానే ఏడుపు అని చాలా ఇళ్లలో చెబుతారు. ఆ ఏడుపు ఎక్కడ మొదలవుతోందో చూస్తే ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. కొందరు పిల్లలకు వచ్చి కూర్చోవడమే కష్టం. కూర్చున్నాక బాగానే చదువుతారు. కొందరు పిలవగానే వచ్చి కూర్చుంటారు, ఐదు నిమిషాలకు లేచిపోతారు. ఇంకొందరికి తెలుగు మూసి లెక్కలు తీసే చోట తెగుతుంది. పేజీ పూర్తికాకుండా అన్నానికి లేపితే తట్టుకోలేని పిల్లలూ ఉంటారు. మొదటి బాబుకు పనికొచ్చిన చిట్కా నాలుగో బాబుకు చేటు చేయవచ్చు. పక్కింటివాళ్ల అబ్బాయికి పనిచేసిన చార్టు మీ పాపకు ఎందుకు పనిచేయలేదో చాలాసార్లు ఇక్కడే తెలిసిపోతుంది.

అందుకే ఏదైనా కొనేముందు, ఎవరినైనా ట్యూషన్‌కు పెట్టుకునేముందు ఒక్క వారం నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసి రాయండి. ఎన్ని గంటలకు కూర్చున్నారు, ఏ పని ఇచ్చారు, ఎక్కడ ఆగింది, ఆగడానికి ముందు ఇంట్లో ఏం జరిగింది. నాలుగో గడిని వదిలేయకండి. కుక్కర్ విజిల్, పక్కగదిలో టీవీ, కరెంటు పోవడం, చెప్పకుండా చుట్టాలు రావడం అన్నీ అందులోనే దొరుకుతాయి. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ ఉన్నట్టుండి మొండికేస్తుంటే మాత్రం పద్ధతులు మార్చే ముందు డాక్టరుకు చూపించండి. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, నిద్ర చాలకపోవడం మాటల్లో చెప్పలేని పిల్లల్లో ఇలాగే బయటపడతాయి.

బడి నుంచి రాగానేనా, కాసేపాగా?

కాసేపాగే మొదలుపెట్టండి. బడిలో రోజంతా చప్పుడునీ మనుషులనీ ఓర్చుకుని వచ్చిన పిల్లలు ఇంట్లో అడుగుపెట్టగానే కూలబడతారు. టీచరు "క్లాసులో చాలా బుద్ధిగా ఉంటాడు" అంటారు, ఇంట్లో అమ్మ ఏడుపు చూస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. తినడానికి ఏదైనా పెట్టి, ప్రశ్నలు అడగకుండా ముప్పావుగంట నుంచి గంట వదిలేయండి. ఆ సమయంలో ఫోన్ ఇస్తే దాన్ని వెనక్కి తీసుకోవడమే ఇంకో యుద్ధం అవుతుంది. ఊయల, నీళ్లాట, దుప్పటి కప్పుకుని పడుకోవడం లాంటివి మేలు.

చదువుకు ముందు పది నిమిషాలు బరువు పని కొందరికి బాగా కుదురుతుంది. ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ మోయడం, గోడను రెండు చేతులతో పదిసార్లు నెట్టడం, చపాతీ పిండి పిసకడం లాంటివి. అందరికీ పనిచేస్తుందని నమ్మకండి. ఐదు రోజులు చేయించి, ఐదు రోజులు ఆపి, ఎంతసేపు కూర్చున్నారో నోటుబుక్కులో పోల్చండి. తేడా కనబడకపోతే వదిలేయండి.

రెండు బొమ్మల అట్టా, వరుస బొమ్మలా, రాసిన జాబితానా?

నోటిమాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ కళ్లముందే ఉంటుంది. ఆటిజం ఉన్న చాలామందికి చెప్పిన వరుసను తలలో నిలుపుకోవడం కష్టం. ఏం జరగబోతోందో తెలియకపోతే వచ్చే భయం దానికి తోడవుతుంది. ఏ రకం బొమ్మల అట్ట ఎంచుకోవాలన్నది వయసును బట్టి కాకుండా అర్థం చేసుకునే స్థాయిని బట్టి తేల్చాలి.

అన్నిటికంటే తేలికైనది "ముందు–తర్వాత" అట్ట. ఎడమవైపు చేయాల్సిన పని, కుడివైపు ఇష్టమైనది, అంతే. కూర్చోవడం దగ్గరే ఆగిపోయే పిల్లలకు ఇది సరిపోతుంది. కుడివైపు పెట్టేది నిజంగా వెంటనే ఇవ్వగలిగినదై ఉండాలి. "తర్వాత పార్కు" అని పెట్టి వాన పడుతోందని మానేస్తే రేపు ఆ అట్టను నమ్మరు.

వరుస బొమ్మలు మధ్యలో తెగే పిల్లలకు, అంటే ఒక పని నుంచి ఇంకో పనికి మారలేని వాళ్లకు. రెండంగుళాల ఫొటోలు ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, వెనక వెల్క్రో ముక్క అంటించండి. మొదట మూడు బొమ్మలతోనే మొదలుపెట్టండి. పని అయిపోగానే బొమ్మను పిల్లలే తీసి కింద కవర్లో వేయాలి. మీరు తీసేస్తే ఆ అట్ట మీది అవుతుంది, వాళ్లది కాదు. ఒకేసారి రోజంతటికీ పన్నెండు బొమ్మలు అంటించడం తరచూ జరిగే పొరపాటు. చివరన ఉన్న ఊయల బొమ్మ దగ్గరే చూపు ఆగిపోయి, మిగతా పదకొండూ అడ్డంకుల్లా కనబడతాయి.

చదవడం వచ్చిన పిల్లలకు, ముఖ్యంగా హైస్కూల్ వయసువాళ్లకు, చేత్తో రాసి టిక్కు పెట్టుకునే జాబితా చాలు. బొమ్మలు పెడితే చిన్నపిల్లల్లా చూస్తున్నారని నొచ్చుకుంటారు. ఆ నొప్పి న్యాయమైనదే.

బొమ్మ అర్థమవుతోందా లేదా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మాట్లాడకుండా గ్లాసు ఫొటో చూపించండి. గ్లాసు దగ్గరికి వెళితే ఫొటో చాలు. వెళ్లకపోతే ఇంకా వస్తువు దశలోనే ఉన్నారు, అట్టమీద అసలు పెన్సిల్‌నే, అసలు చెంచానే కట్టాలి. ఈ పరీక్ష బిడ్డ ఉల్లాసంగా ఉన్నప్పుడు చేసి స్థాయి తేల్చకండి. అలసిన రోజున కూడా అర్థమయ్యే స్థాయినే ఎంచుకోవాలి, ఎందుకంటే అట్ట అవసరం పడేది ఆ రోజే.

ఏ రకం పెట్టినా "మార్పు" అనే కార్డు ఒకటి ఉండాలి, ఎర్రటి గుండ్రం చాలు. దాన్ని మొదట మంచి మార్పులతోనే అలవాటు చేయండి. లెక్కల బదులు ఐస్‌క్రీమ్, డిక్టేషన్ బదులు ఊయల. పదిసార్లు అలా జరిగాక, కరెంటు పోయి కంప్యూటర్ క్లాసు రద్దయిన రోజున కూడా ఆ కార్డు కొంత భరించదగ్గదవుతుంది.

పక్కన కూర్చుని చెప్పడమా, మూడు డబ్బాలా?

మా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు మూడు డబ్బాలకు మారడమే, ఖర్చు కూడా తక్కువే. పక్కన కూర్చుని "రాయి, చూడు, ఇంకొకటి, ఊఁ" అంటూ ఉంటే పని జరుగుతుంది, నిజమే. కానీ బిడ్డ ఆ "ఊఁ" కోసం ఎదురుచూడటం నేర్చుకుంటుంది. మీరు వంటింట్లోకి వెళ్లగానే పెన్సిల్ ఆగిపోతుంది. నోటితో ఇచ్చే ఊతం అన్నిటిలోకీ మాన్పించడం కష్టమైనది. వేలితో చూపించడం, రాసిపెట్టడం అంతకంటే తేలిగ్గా తగ్గించవచ్చు.

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షోప్లర్ బృందం 1970లలో ఆటిజం ఉన్నవాళ్ల కోసం రూపుదిద్దిన టీచ్ (TEACCH) పద్ధతిలో దీనికి ఒక అమరిక ఉంది. బల్లకు ఎడమవైపు పని, కుడివైపు అయిపోయిన పని. చూడగానే నాలుగు సంగతులు తెలియాలి: ఏ పని, ఎంత పని, ఎప్పుడు అయిపోతుంది, తర్వాత ఏమిటి.

ఇంట్లో చేసుకోవడానికి మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలు మూడు, ఒక బుట్ట చాలు. డబ్బాలమీద 1, 2, 3 అని అంటించండి, అంకెలు రాకపోతే మూడు రంగులు. ఒక్కో డబ్బాలో ఆ పనికి కావలసినదంతా ఉండాలి: వర్క్‌షీటు, చెక్కిన పెన్సిల్, రబ్బరు. రబ్బరు కోసం లేస్తే మళ్లీ కూర్చోకపోవచ్చు. మొదటి డబ్బాలో బాగా వచ్చిన పని, రెండో దాంట్లో కొత్తది, మూడో దాంట్లో మళ్లీ వచ్చినదే పెట్టండి. కొత్తది మొదట్లో పెడితే మొదలే కాదు, చివర్లో పెడితే ఓడిపోయిన భావంతో లేస్తారు. అయిపోయిన డబ్బా కుడివైపు బుట్టలోకి వెళుతుంది. మూడో డబ్బా కింద ఇష్టమైనదాని బొమ్మ ఉంటుంది. కొత్త పాఠం మాత్రం ఈ డబ్బాల్లో నేర్పకూడదు. అది వేరే సమయంలో ఎదురుగా కూర్చుని నేర్పి, మీ సాయం లేకుండా చాలావరకు వచ్చాకే డబ్బాలోకి రావాలి.

ఇది చెడిపోయేది ఎక్కువగా పెద్దవాళ్ల చేతుల్లోనే. తొందరగా పూర్తి చేసింది కదా అని నాలుగో డబ్బా తెచ్చి పెడతారు. మూడు అంటే మూడే అని నమ్మి కష్టపడిన బిడ్డకు అది మోసంలా తగులుతుంది. మరునాటి నుంచి మూడోది ముగించకుండా సాగదీస్తుంది. పని చాలడం లేదనిపిస్తే రేపటి డబ్బాల్లో ఒక్కో లెక్క పెంచండి, ఈరోజు మాట తప్పకండి.

ఎన్ని నిమిషాలా, ఎన్ని లెక్కలా?

లెక్కలు, రాత పనికి సంఖ్య మేలు. పుస్తకం చదవడం, బొమ్మలేయడం లాంటి హద్దులేని పనికి సమయం మేలు. "పదిహేను నిమిషాలు లెక్కలు చెయ్" అంటే ఊరికే కూర్చున్నా పదిహేను నిమిషాలు గడిచిపోతాయి. ఆ సంగతి పిల్లలు త్వరగా కనిపెడతారు. "ఐదు లెక్కలు" అన్నప్పుడు స్కేలుకు ఐదు బట్టల క్లిప్పులు పెట్టి, ఒక్కో లెక్కకు ఒకటి తీయించండి. ఇంత చవకైన టైమర్ ఇంకోటి లేదు.

సమయమే కావాలంటే ఇసుక గడియారం శబ్దం చేయదు, అయితే కొందరు ఇసుకనే చూస్తూ ఉండిపోతారు, తిప్పి పెట్టేస్తారు. వంటింటి టైమర్ చవక, కాకపోతే టిక్‌టిక్ చెవిలో దూరుతుంది, గంట మోగితే ఉలిక్కిపడతారు. ఫోన్ టైమర్ అందరి దగ్గరా ఉంది, ఫోన్ కనబడితే చదువు పోతుంది కాబట్టి దాన్ని బోర్లా పెట్టినా లాభం లేదు. ఎర్రటి బిళ్ల మెల్లగా తగ్గుతూ కనిపించే టైమర్లు ఖరీదైనవే అయినా, గడియారం చూడటం రానివాళ్లకు "ఎంత మిగిలింది" అన్నది కంటికి కనబడేది వాటిలోనే. పేజీ మధ్యలో లేపితే తట్టుకోలేని పిల్లలకు ఏ టైమర్ ఉన్నా అది మోగేముందు ఒక హెచ్చరిక కావాలి, ఆపడానికి ఒక చోటు కావాలి. "ఈ పేరా చివర ఆపుదాం" అని పెన్సిల్‌తో గీత గీసి చూపించండి.

చప్పుడు, వెలుగు, కుర్చీ

చెవులు మూసుకునే పిల్లలకు మూడు దారులు: చప్పుడునే జరపడం, చెవులకు కప్పు పెట్టడం, వేరే శబ్దంతో కప్పేయడం. మొదటిదే ముందు ప్రయత్నించాలి. చదువు గంటలో మిక్సీ, కుక్కర్ వద్దనుకోవడం పైసా ఖర్చులేని పని. తప్పనిసరైతే ముందుగా మిక్సీ బొమ్మ చూపించి చెప్పండి. చెవులకు కప్పే ఇయర్‌మఫ్‌లు పని జరుగుతున్నంతసేపే ఉంచాలి. రోజంతా పెట్టుకుంటే మామూలు చప్పుళ్లు ఇంకా పెద్దగా వినిపించడం మొదలవుతుంది. ఫ్యాన్ హోరు కొందరికి ఊరట, రెగ్యులేటర్ జుమ్మనే శబ్దం మాత్రం మరికొందరికి నరకం.

పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు మినుకుతుంటే మార్చేయండి. బల్ల గోడకు ఎదురుగా, కిటికీ పక్కకు వచ్చేలా వేయండి. కుర్చీలో కాళ్లు వేలాడుతుంటే కింద పీట వేయండి. పాదాలు ఆనకపోతే ఒంటిని నిలుపుకోవడానికే సగం శక్తి పోతుంది. నేలమీద కూర్చుని పరీక్ష అట్టమీద రాసేవాళ్లకు అదే హాయి అయితే అలాగే కానివ్వండి.

చేత్తో రాయడమా, టైపింగా, నోటితో చెప్పడమా?

ముందు ఒక చిన్న పోలిక చేయండి. ఒకే ప్రశ్నకు ఈరోజు నోటితో జవాబు అడగండి, రేపు రాయించండి. నోటి జవాబు నాలుగు వాక్యాలు, రాత ఒక వాక్యం అయితే ఆగుతున్నది చేతి దగ్గర. తెలివిని అనుమానించకండి.

తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, అంటే మూడు అంతస్తులు. ఇరుకు గీతల నోటుబుక్కులో ఒత్తుకు చోటు ఉండదు, కింది వరుసలో కలిసిపోతుంది. ఒక వరుస వదిలి ఒక వరుస రాయించండి. చూచిరాతకు పుస్తకాన్ని పక్కన పెడితే కళ్లు వెళ్లి వచ్చేసరికి చోటు తప్పుతుంది. రాయాల్సిన వాక్యాన్ని అదే పేజీలో సరిగ్గా గీత పైనే రాసివ్వండి. రోజుకు మూడు వాక్యాలు శుభ్రంగా రాస్తే చాలు, పేజీ నిండాలని పట్టుబట్టకండి.

టైపింగుకు మారాలనుకుంటే తెలుగులో రెండు దారులు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి పెద్దలకు సులువు. ఇంగ్లీషు స్పెల్లింగ్ శబ్దాలు గట్టిపడని పిల్లలకు "ట"కూ "త"కూ తేడా ఎలా కొట్టాలో తికమక. తెలుగు అక్షరాలే కనబడే కీబోర్డు నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టినా, పలకమీద నేర్చుకున్న అక్షరమే తెరమీద ఉంటుంది. ఒకదాన్ని ఎంచుకున్నాక ఇల్లు, బడి, ట్యూషన్ మూడుచోట్లా అదే ఉంచండి.

పరీక్షకు లేఖకుడు అంటే, వేరే మనిషి రాసిపెట్టడం అంటే, జవాబును పూర్తి వాక్యాలుగా ఆగి ఆగి చెప్పగలగాలి. అది వేరే విద్య, నెలల తరబడి సాధన కావాలి. మాటలు తక్కువగా ఉన్న బిడ్డకు లేఖకుడు ఉన్నా ఉపయోగం అంతంతమాత్రమే, కంప్యూటర్ కోసం అడగడమే మేలు.

ఎవరు చెప్పాలి?

అమ్మో నాన్నో చెబితే బిడ్డ గుణం తెలుసు, రోజూ ఉంటారు. అమ్మ ఎప్పుడు అమ్మో, ఎప్పుడు టీచరో బిడ్డకు తెలియకపోవడమే చిక్కు. చదువు చెప్పే అరగంట మెడలో ఒక ట్యాగు వేసుకుని, అయిపోగానే తీసేయడం లాంటి గుర్తు పనిచేస్తుంది. ఇద్దరి మధ్యా రోజూ గొడవే అవుతుంటే ఆ చదువు ఇంకొకరికి అప్పగించండి. చదువుకంటే ఆ బంధం బిడ్డకు ఎక్కువ అవసరం.

ఇంటికి వచ్చే ట్యూషన్ టీచరును రెండు వారాల కోసమే మాట్లాడుకుని చూడండి. ప్రశ్న అడిగాక పది సెకన్లు మౌనంగా ఆగగలరా? మాట అర్థమై జవాబు తయారవడానికి ఆ సమయం కావాలి, మధ్యలో ప్రశ్న మార్చి అడిగితే మళ్లీ మొదటికొస్తుంది. చేతులు ఊపడం, ఊగడం ఆపమని గదిమే టీచరు వద్దు. ఊగుతూనే వింటున్నారేమో చూడాలి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు రోజూ ఫీజు కట్టడం కష్టమైతే, నెలకు రెండుసార్లు పిలిచి ప్రణాళిక వేయించుకుని, రోజువారీ పని ఇంట్లోవాళ్లు చేసుకోవచ్చు.

ఆన్‌లైన్ క్లాసుల్లో చాలామంది ఉండే లైవ్ క్లాసు ఆటిజం ఉన్న చాలామందికి కుదరదు. నెట్ ఆగి బొమ్మ నిలిచిపోతే ఏమైందో తెలియదు, ముఖాలు ఎక్కువ, గొంతులు ఒకదానిమీద ఒకటి. ముందే రికార్డు చేసిన పాఠం ఆపుకోవచ్చు, మళ్లీ వినవచ్చు. పది నిమిషాల వీడియో, ఆ వెంటనే కాగితం మీద మూడు ప్రశ్నలు అన్న కొలత బాగా నడుస్తుంది.

ప్రభుత్వం వైపు నుంచి తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి రిసోర్స్ టీచర్లు (ఐఈఆర్‌పీలు) బడికి రాలేని పిల్లల ఇళ్లకు కూడా వెళతారు. మీ మండల విద్యా వనరుల కేంద్రంలో అడగండి. సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థ నీపిడ్ కూడా అందుబాటులో ఉంది.

భాష గురించి ఒక్క మాట, బయటి దేశాల్లోని తెలుగు ఇళ్లవాళ్లకు ముఖ్యంగా. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలు ఇంకా వెనకబడతారన్నది పరిశోధనల్లో నిలబడలేదు. అమ్మమ్మతో తెలుగులో మాట్లాడే బిడ్డ నోట ఆ తెలుగును ఆపించకండి.

ఏ బోర్డు?

ఎనిమిదో తరగతిలోనే ఆలోచించాల్సిన సంగతి ఇది. బిడ్డ బడిలో నలిగిపోకుండా ఉంటే రెగ్యులర్ బోర్డే మంచిది, తోటిపిల్లలు దొరుకుతారు. సీబీఎస్‌ఈలో ప్రత్యేక అవసరాలున్నవాళ్లు రెండు భాషల బదులు ఒకటి తీసుకోవచ్చు, మిగతా నాలుగింటిలో సంగీతం, పెయింటింగ్, హోంసైన్స్ లాంటివి ఎంచుకోవచ్చు. కానీ ఆ సబ్జెక్టు చెప్పే టీచరు మీ బడిలో ఉన్నారో లేదో ముందు కనుక్కోండి.

ఒకేసారి అన్ని పరీక్షలూ రాయలేని పిల్లలకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, సరైన చోటు. పదికి కనీస వయసు 14. ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు, వాటిలో గణితం తప్పనిసరి కాదు. అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఏప్రిల్–మే, అక్టోబర్–నవంబర్‌లలో పరీక్షలు కాబట్టి ఒక్కో విడతలో ఒకటి లేదా రెండు సబ్జెక్టులు రాయించవచ్చు. చిన్న తరగతుల స్థాయికి ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్) కింద ఏ, బీ, సీ లెవెల్స్ ఉన్నాయి, అవి వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. లోటు ఏమిటంటే రోజువారీ బడి ఉండదు, ప్రణాళిక భారమంతా ఇంటిమీదే. గణితం వదిలేస్తే తర్వాత పాలిటెక్నిక్, ఎంపీసీ దారి మూసుకుపోతుంది. వదిలే ముందు ఇది ఆలోచించండి. తెలుగు మాధ్యమంలో, దగ్గరి కేంద్రంలో కావాలనుకుంటే తెలంగాణలోని టాస్, ఆంధ్రప్రదేశ్‌లోని ఏపీఓఎస్‌ఎస్ సార్వత్రిక పాఠశాలలను కూడా పోల్చి చూడండి.

రాయితీలకు యూడీఐడీ కార్డు, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, ఆధారం. ఆటిజాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఆటిజం తీవ్రతను కొలిచే, 40 అంశాలున్న ఐసా కొలమానంతో శాతం తేలుస్తారు, 40 శాతం గానీ అంతకుమించి గానీ ఉంటే చాలా సౌకర్యాలకు అర్హత వస్తుంది. పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి, అంటే మూడు గంటల పేపరుకు గంట. ఆ గంటను ఉపయోగించుకునే ఓపిక బిడ్డకు ఉందో లేదో ఇంట్లో ముందే చూసుకోండి. నాలుగు గంటలు కూర్చోలేని బిడ్డకు అదనపు సమయం కంటే వేరే గది, మధ్యలో విరామం ఎక్కువ అవసరం. వాటినీ దరఖాస్తులో రాతపూర్వకంగా అడగండి.

పరీక్షకు రెండు వారాల ముందు సెంటరు గేటు, వరండా, టాయిలెట్ ఫొటోలు తీసి చూపించండి. వీలైతే ఒక ఆదివారం అదే దారిలో, అదే సమయానికి తీసుకెళ్లండి. పరీక్ష రోజు వేసుకునే చొక్కా, పరీక్ష అట్ట, నీళ్ల సీసా అంతకుముందే ఇంట్లో మూడు మోడల్ పరీక్షల్లో వాడి ఉండాలి. చిన్న గంట, పెద్ద గంట రికార్డు చేసుకుని, మోడల్ పరీక్షల్లో తక్కువ శబ్దంతో మొదలుపెట్టి వినిపించండి.